భద్రాచలపు దారిలోని చరిత్రశిలలు

బాటసారికి దారిప్రక్క రాయి మొదట చెప్పునది దూరము. ఎంత వచ్చితిమో, ఎంత పోవలెనో దానిని చూచి తెలిసికొందుము. ఆ రాతిమీదనే ఈ చోట ఏమి జరిగెనో కూడ వ్రాయవచ్చునను ఊహ మనకు క్రొత్తది కాదు. అశోకుడు తన ధర్మశాసనములను జనసంచారము గల చోట్ల కొండరాళ్లపై చెక్కించెను. కర్నూలు మండలమున ఎఱ్ఱగుడి, రాజులమందగిరి శాసనములు నేటికిని నిలిచియున్నవి. కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవునకు వచ్చు ఓడవర్తకులకు అభయమిచ్చుచు 1244వ సంవత్సర ప్రాంతమున రాతిమీద వ్రాయించెను. అయితే ఇవి పాలకుడు తన కాలపు ప్రజలతో చెప్పిన మాటలు. గడచిపోయినదానిని దారిన పోవువానికి చెప్పుటకే పనిగట్టుకొని ఫలకములు నాటుట పాశ్చాత్యుల నుండి వచ్చిన ఆచారము. లండను నగరమున ప్రసిద్ధులు నివసించిన యిండ్ల గోడలకు బిళ్లలు తాపుట 1867లో మొదలైనది. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రము 1927 నుండి రాజమార్గముల ప్రక్కన లోహఫలకములను నిలుపసాగినది. మోటారుబండిలో పోవువాడు ఒక్క నిమిషమాగి చదువుకొని పోవుటకు అవి యుద్దేశింపబడినవి.

మన దేశమున పురాతన స్థలములకడ నిలిపిన నీలిరంగు పలకలను చూడనివారుండరు. ఈ స్థలము 1958వ సంవత్సరపు చట్టము ననుసరించి సంరక్షితమనియు, దీనిని పాడుచేసినవారు శిక్షార్హులనియు అందు వ్రాయబడియుండును. ఆ స్థలమేమి, అచ్చట ఎవరుండిరి, ఎప్పుడు పాడుపడెను అను సంగతులు తరచుగా కానరావు. మన పూర్వుల దానశాసనములలో చివర, దత్తభూమిని హరించినవాడు పురుగై పుట్టునని శాపముండెడిది. కాని ఆ శాపమునకు ముందు ఎవరు, ఎప్పుడు, ఎంత భూమిని, ఏ యెల్లల నడుమ, ఎవరికిచ్చిరో వివరముగా చెప్పబడియుండెడిది. నేటి పలకలో శాపము మిగిలినది, శాసనము పోయినది.

మేము పిల్లలకు చరిత్ర చెప్పువారము. పుస్తకములో చదివిన సంగతికంటె బస్సు కిటికీలోనుండి చూచిన పలక పిల్లవానికి ఎక్కువ నమ్మకము కలిగించునని మా యనుభవము. "రాతిమీద ఉన్నది గదండీ" అని వాడనును. అచ్చులో తప్పు పడవచ్చునని వానిని ఒప్పింపవచ్చును గాని రాయి తప్పు చెప్పునని యొప్పించుట కష్టము. అందుచేత దారిప్రక్క ఏమి వ్రాయవలెను, ఏమి వ్రాయక విడిచినారు అను విచారము పండితుల వేడుక మాత్రమే కాదు. ఖమ్మమునుండి కొత్తగూడెము, పాల్వంచల మీదుగా గోదావరి దాటి భద్రాచలము చేరి, అటనుండి చింతూరు అడవులలో ప్రవేశించు మార్గమును మనము ఉదాహరణముగా తీసికొందము. తెలుగుదేశమున ఇంత కొద్ది దూరములో ఇన్ని కాలముల గుర్తులను కలిగిన దారులు అరుదు.

ఖమ్మము కోట ఊరి నడుమనే యున్నది, దానిని చూడవలెనన్నవారు చూడగలరు. ఊరికి దక్షిణమున నున్న నేలకొండపల్లి విషయము వేరు. ఆ యూరి చెంత మట్టిదిబ్బలను జనులు తరతరములుగా విరాటరాజు దిబ్బ అని చెప్పుకొనుచు వచ్చిరి. కీచకుని పేరుతో ఒక గుండము కూడ కలదు. పాండవులు తలదాచుకొనని పల్లె తెలుగుదేశమున లేదు గదా! 1970ల నుండి జరిగిన త్రవ్వకములలో అచ్చట బయలుపడినది విరాటుని కొలువుకూటము కాదు. ఒక మహాస్తూపము, బౌద్ధభిక్షువుల విహారములు, బుద్ధుని ప్రతిమలు బయటపడినవి. కృష్ణాతీరమున అమరావతి, నాగార్జునకొండలలో వెలసిన బౌద్ధము ఉత్తరముగా ఇంతదూరము ప్రాకెనని వానివలన తెలిసినది. ఇట్టిచోట ఫలకము వ్రాయువాడు విరాటరాజును తుడిచివేయవలెనని మేమనము. ఆ కథ ఆ యూరివారిది. దానికిని ఒక చరిత్ర కలదు. బౌద్ధమును మరచిపోయిన ప్రజలు తమ కన్నులయెదుటి దిబ్బకు అర్థము కల్పించుకొనుటకు భారతమును ఆశ్రయించిరి. జనులు చెప్పుకొనునది ఇది, త్రవ్వగా కనబడినది ఇది అని రెండును వేరువేరుగా వ్రాసిన చాలును. రెంటిని కలిపి ముద్ద చేయుటయే అపచారము.

ఈ నేలకొండపల్లియే కంచెర్ల గోపన్న జన్మస్థానము. భద్రాచల రామదాసని పేరు చెప్పిన తెలియని తెలుగు గృహము లేదు. ఆయన కథ యందరెరిగినదే: మేనమామలైన అక్కన్న మాదన్నల పలుకుబడిచే గోలకొండ సుల్తాను అబుల్ హసను కుతుబ్ షా కొలువున పాల్వంచ పరగణాకు తహసీలుదారు అయ్యెను, వసూలైన ఆరు లక్షలతో భద్రగిరిపై శ్రీరామునకు ఆలయము కట్టించెను, అందుకై పండ్రెండేండ్లు గోలకొండలో బందీగా నుండెను, తుదకు రామలక్ష్మణులే వచ్చి సొమ్ము చెల్లించి విడిపించిరి. గోలకొండ కోటలో రామదాసు బందిఖానా అని నేటికిని ఒక గదిని చూపుదురు.

భక్తునికి ఈ కథలో సందేహము లేదు, ఉండనక్కరయు లేదు. కాని ఫలకముపై సంవత్సరములు వేయబూనినవాడు లెక్క చూచుకొనవలెను. అబుల్ హసను సింహాసన మెక్కినది 1672లో. అక్కన్న మాదన్నలు హతులైనది 1686లో. ఔరంగజేబు సేనలు గోలకొండను పట్టుకొని అబుల్ హసనును బందీని చేసినది 1687లో. మొత్తము ఆయన యేలుబడి పదునైదేండ్లు. మాదన్న మంత్రిపదవి కెక్కుటకు, మేనల్లుని నియమించుటకు, ఆ మేనల్లుడు శిస్తులు వసూలు చేయుటకు, అడవిదారుల వెంట రాళ్లు తెప్పించి గుడి కట్టించుటకు, ఆ సంగతి రాజధానికి తెలిసి విచారణ జరుగుటకు ఎన్ని సంవత్సరములు పట్టును? పదునైదునుండి పండ్రెండు తీసివేయగా మిగులునవి మూడు. కనుక కారాగారవాసము పండ్రెండేండ్లను మాట సరిగా ఎంచిన లెక్కయైన కాకపోవలెను, లేక గోపన్న యుద్యోగము అంతకు ముందే ప్రారంభమై యుండవలెను. పండ్రెండు మన కథలకు ప్రియమైన సంఖ్య, పాండవుల వనవాసమును అన్నియేండ్లే. మా తలంపున మొదటిదే నిజమునకు దగ్గర.

ఇట్లు వ్రాసిన రామదాసు గొప్పతనమునకు లోపము కలుగునని కొందరు భయపడుదురు. మాకట్లు తోపదు. ఆయన కీర్తనలే ఆయనకు సాక్షులు. దేవునికి చేయించిన నగలకు ఎంతెంత ఖర్చైనదో పేరుపేరున చెప్పి, ఎవని సొమ్మని ఇంతగా కులుకుచున్నావని ఆయన రాముని నిలదీసిన తీరు చదివినవారికి, ఇది రెవిన్యూ కచేరీలో చిట్టాలు వ్రాసిన చేయి యని తెలియకపోదు. అంతటి సాక్ష్యము ఉండగా పండ్రెండు సంఖ్యను పట్టుకొని వ్రేలాడనేల? ఫలకములు అడుగక విడిచిన ప్రశ్న మరియొకటి కలదు. ఆ ఆరు లక్షలు ఎవరివి? సుల్తానువని కచేరీ లెక్క, రామునివని భక్తుల లెక్క. ఆ సొమ్ము పాల్వంచ పరగణాలో పోడుకొట్టి, దుక్కిదున్ని, పుట్టి ధాన్యము కొలిచిన కాపులది, కోయలది. వారు సంతోషముగనే యిచ్చిరని కథ చెప్పును. కావచ్చును. కాని వారి ప్రస్తావన లేకుండ ఆలయచరిత్ర పూర్తికాదు.

పైగా ఆలయ స్థలపురాణమే వారిని విడువలేదు. భద్రిరెడ్డిపాలెమున పోకల దమ్మక్క యను వృద్ధ కోయవనిత శ్రీరాముని విగ్రహములను పుట్టలో కనుగొని, తాటియాకుల పందిరి వేసి, పండ్లు నైవేద్యము పెట్టి పూజించెననియు, గోపన్న వచ్చుసరికే ఆమె పూజ జరుగుచుండెననియు అది చెప్పుచున్నది. ఇదియు జనశ్రుతియే. అయినను మూడువందల యేండ్లుగా పూజారులును, భక్తులును ఒక కోయస్త్రీని తొలి యర్చకురాలినిగా ఒప్పుకొని చెప్పుచు వచ్చుట సామాన్య విషయము కాదు. తక్కువవారి పాదము సోకిన గుడి మైలపడునని వాదించిన కాలములో సయితము ఈ కథ చెరగలేదు. సంస్కారము కోరువారు పైదేశములలో ఆధారములు వెదకుటకు ముందు దీనిని గమనింపవలెను.

దారిలో ఇల్లందు, కొత్తగూడెముల బొగ్గు కథ వచ్చును. భద్రాచలయాత్రకు పోవు జనులు త్రోవలో రాళ్లు పేర్చి పొయ్యి వెలిగింపగా, వంటచెరకుతో పాటు ఆ రాళ్లే అంటుకొని మండెననియు, దానివలననే అచ్చట బొగ్గున్నట్లు లోకమునకు తెలిసెననియు ఒక కథ ప్రచారములో నున్నది. వ్రాతలలో మాత్రము భూగర్భశాఖకు చెందిన డాక్టరు విలియము కింగు 1871లో ఇల్లందు చెంత బొగ్గును కనుగొనెనని యుండును. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ త్రవ్వకపు హక్కులు సంపాదించినది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీసు కంపెనీ యేర్పడినది. 1945లో నిజాము ప్రభుత్వము అందు అధికభాగము వాటాలు కొన్నది. కింగుదొరకు ముందు ఆ రాళ్లను కాల్చి చూచినవారు ఎవరో ఉండియే యుందురు. దొర పేరు నిలిచినది, పొయ్యి వెలిగించిన యిల్లాలి పేరు నిలువలేదు. చెప్పవలసినదింతే. అన్నట్లు, కొత్తగూడెపు రైలుస్టేషనుకు "భద్రాచలం రోడ్" అని పేరు. దిగిన యాత్రికుడు గుడి యెక్కడయని చూచినచో ఇంకను నలువది కిలోమీటర్ల అడవిత్రోవ మిగిలియుండును. పేరుపలకలు దూరము విషయములో సయితము మోసగింపగలవనుటకు ఇదొక వింత.

ఇక గోదావరి. ఈ దారి చరిత్రలో ముఖ్యమైనదియు, ఏ రాతిమీదను మేము చూడనిదియు ఇచ్చటనే కలదు. బూర్గంపాడు వైపున గట్టు మీద నిలుచుండి చూచినచో ఆవలిగట్టున ఆలయశిఖరము కనబడును. 1860 వరకు ఈవలిగట్టును ఆవలిగట్టును నిజామువే. ఆ సంవత్సరము డిసెంబరు నెలలో ఇంగ్లీషువారికిని నిజాము అఫ్జలుద్దౌలాకును సంధి జరిగినది. 1857 విప్లవములో తమ పక్షమున నిలిచినందుకు వారు రాయచూరు దోఆబును, నల్దుర్గమును తిరిగి ఇచ్చిరి, సురపురము నిచ్చిరి, యేబది లక్షల ఋణమును కొట్టివేసిరి. దీనికి బదులుగా తాము కోరి పుచ్చుకొన్నది గోదావరి, వైనగంగ నదుల యెడమగట్టున నున్న అడవి తాలూకాలను. సిరొంచ, నూగూరు, ఆల్బాక, చర్ల, భద్రాచలము, రేకపల్లి — ఈ ఆరును ఎగువ గోదావరి జిల్లాయను పేర మధ్యరాష్ట్రములలో చేరినవి.

శిస్తు పండని ఈ యడవులతో వారికేమి పని? వారికి కావలసినది అడవి కాదు, నది. బేరారు నల్లరేగడిలో పండు పత్తిని పడవలమీద సముద్రమునకు దింపవలెనని వారి సంకల్పము. 1847 మొదలు 1852 వరకు ధవళేశ్వరపు ఆనకట్ట కట్టిన ఆర్థరు కాటను దొర దీనికి గట్టి పక్షపాతి. హేగు అను ఇంజనీరు నదిని పరిశీలించి నివేదిక వ్రాసెను. ఎగువ గోదావరిలో పడవలకు అడ్డుపడు రాతిపట్టులు మూడు. వానిలో మొదటిది భద్రాచలమునకు పైన దుమ్ముగూడెము కడ నున్నది. అచ్చట ఆనకట్ట, కాలువ, లాకులు కట్టనారంభించిరి. 1861 నుండి 1865 వరకు అమెరికాలో అంతర్యుద్ధము సాగుటచే లాంకషైరు మరలకు పత్తి కరవైనందున ఈ పనికి తొందర యెక్కువైనది. ఇంతలో అమెరికా యుద్ధము ముగిసినది. 1867లో బొంబాయి రైలు నాగపురము చేరినది. పత్తి రైలెక్కి పడమరకు పోయినది. 1871లో ప్రభుత్వము గోదావరి నౌకాయానపు పనులను విరమించుకొన్నది. ఓడలు రాలేదు, ఓడలకై గీచిన ఎల్ల మాత్రము ఉండిపోయినది.

ఆ యెల్లవలన ఎవరికేమి కలిగినదో చూడుడు. 1874లో భద్రాచలము, రేకపల్లి తాలూకాలను మధ్యరాష్ట్రములనుండి తీసి మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు కలిపిరి. నాగపురపు దొరతనమున కోయలు, కొండరెడ్లు అడవి నరికి పోడు చేసికొనుటకు ఎక్కువ స్వేచ్ఛ యుండెడిది. మద్రాసువారు వచ్చిన పిమ్మట శిస్తు మూడింతలకు దరిదాపుగా పెరిగినది. కొన్ని పట్టులలో పోడు బొత్తిగా నిషేధింపబడినది. 1879 మార్చిలో రంపదేశమున పితూరీ పుట్టినది. కల్లుపన్నులు, మనసబుదారుని దౌర్జన్యము అచ్చటి కారణములు. జులై నాటికి అది రేకపల్లికి ప్రాకినది. రంపనుండి అంబుల్ రెడ్డి వచ్చి పురికొల్పెనని వ్రాతలలో కలదు. నిప్పు రవ్వ రంపది కావచ్చును, ఎండుకట్టెలు మాత్రము రేకపల్లివే. లండనులో పత్తివ్యాపారులు చేసిన ఊహ, హైదరాబాదులో వ్రాసిన సంధిపత్రము, నాగపురమునుండి మద్రాసుకు మారిన కాగితములు — ఇవన్నియు కలిసి తుదకు గొడ్డలి పట్టిన కోయవాని చేతిమీద పడినవి. ఇంత జరిగినచోట ఒక్క రాయి లేదు.

ఈ యెల్ల తరువాతి నడక చిత్రమైనది. 1909లో నూగూరు, ఆల్బాక, చర్ల తాలూకాలను కూడ మద్రాసులో కలిపిరి. 1953లో భద్రాచలము ఆంధ్రరాష్ట్రమునకు వచ్చినది. 1956లో ఇరుగట్టులును ఒకే రాష్ట్రములో చేరినవి. 1959లో భద్రాచలము, నూగూరు వెంకటాపురము తాలూకాలు తూర్పుగోదావరినుండి ఖమ్మము జిల్లాకు బదిలీ యైనవి. 1965లో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణ పండితుడు భద్రాచలము వంతెనను ప్రారంభించెను. అంతవరకు యాత్రికులకు పడవలే దిక్కు. 2014లో తెలంగాణ మేర్పడినప్పుడు పోలవరము జలాశయమున మునుగు మండలములు ఆంధ్రప్రదేశమునకు పోయినవి. భద్రాచలము మండలములో ఊరు మాత్రము తెలంగాణమున నిలిచినది, చుట్టుప్రక్కల పల్లెలు విడిపోయినవి. 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లా వెలసినది. 2022లో చింతూరు, కూనవరము, వరరామచంద్రపురము, ఎటపాక మండలములు అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేర్పబడినవి. రాముడు తెలంగాణములో, రాముని మాన్యములు పురుషోత్తపట్టణమున ఆంధ్రప్రదేశములో! కోయగూడెము మాత్రము కదలలేదు. దానికి పైన ప్రభుత్వములు మారినవి. ఒక్క తరమువాడు తన గుమ్మము దాటకయే ఎన్ని సర్కారుల కచేరీలు చూచెనో రాతిమీద వ్రాసిన చదువుకొనుటకు బాగుండును.

భద్రాచలమున మేము మెచ్చుకొను ఫలకము ఒకటి కలదు. అది గోదావరి నీటిమట్టపు కొలత. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986 ఆగస్టు 16న నీరు 75.6 అడుగుల కెక్కినది. 2022 జులైలో 71.3 అడుగులు వచ్చినది. ఇందు పొగడ్త లేదు, తెగడ్త లేదు, ఒకరి పేరు లేదు. సంఖ్యయును తేదియు మాత్రమే. చరిత్రఫలకములు వ్రాయువారు ఈ కొలతబద్దకడ కొన్నాళ్లు శిష్యరికము చేసిన మేలు.

దారి ప్రక్కల రాళ్లని మొదట మొదలిడితిమి గదా. ఈ ప్రాంతమున సర్కారు, గుడి, కంపెనీలు నిలిపిన రాళ్లకంటె ప్రాచీనములైన రాళ్లు కలవు. గోదావరికి దక్షిణమున జానంపేట, మల్లూరు, కాటాపురము ప్రాంతముల అడవులలో పెద్ద పెద్ద బండపలకలతో కట్టిన సమాధులు గుంపులు గుంపులుగా నున్నవి. జనులు వానిని రాకాసిగుళ్లందురు. కొన్నిచోట్ల మానవాకృతి పోలిన సిలువవంటి నిలువురాళ్లును కలవు. 1868లో మల్హెరాను అను నతడు వీనిని గూర్చి వ్రాసినప్పుడు, ఇవి క్రైస్తవుల సిలువలా యని దొరలలో చర్చ పుట్టినది. అవి క్రీస్తునకు ముందరి యినుపయుగపు జనులవి. వారు తమ మృతులకు కట్టిన యిండ్లు.

ఈ యాచారము పూర్తిగా నశింపలేదు. కోయలలోను, బస్తరు వైపు దోర్లలలోను, మారియాలలోను చచ్చినవారి పేర నిలువురాయి పాతుట కలదు. ఊరి వెలుపల దారిప్రక్కన వరుసగా పాతుదురు. దినమునాడు పశువును బలియిచ్చి దాని తోకను ఆ రాతికి కట్టు నలవాటు కొన్ని గుంపులలో నుండెను. వెల యెక్కువైనకొలది, ఆచారము సడలినకొలది చిన్నరాయితో సరిపెట్టుకొనువారును కలరు. రాతిమీద అక్షరము లేదు. కాని ఏ రాయి యెవరిదో ఇంటిపెద్దకు తెలియును. ఆ వరుసయే వంశావళి. మనము పత్రములలో వ్రాసికొను దానిని వారు నేలలో పాతుకొనిరి. పశుబలిని మేము మెచ్చము, ఆ సంగతి ఈ పత్రిక చదువరులకు వేరుగ చెప్పనక్కరలేదు. తోక కట్టినారని రాతిని తృణీకరించుటయు మాకు సమ్మతము కాదు. దారిన పోవు నాగరికులు వానిని హద్దురాళ్లనియో, బొడ్డురాళ్లనియో అనుకొని దాటిపోవుదురు. రోడ్లు వెడల్పు చేయునప్పుడు కంట్రాక్టరుకు అవి కంకరయే.

ఖమ్మము పల్లెలలో ఇంకొక జాతి రాళ్లు కలవు. 1946 నుండి 1951 వరకు జరిగిన తెలంగాణ సాయుధ పోరాటములోను, ఆ తరువాతి ఉద్యమములలోను చనిపోయినవారికై ఊరిమొగలలో కట్టిన ఎఱ్ఱస్తూపములు. వానిపై పేర్లు, తేదులు ఉండును. అందలి రాజకీయములతో ఏకీభవించుట, ఏకీభవింపకపోవుట వేరు సంగతి. సామాన్యుల పేర్లను తేదితో సహా రాతికెక్కించుట ఈ జిల్లాలో వారే యెక్కువగా చేసిరని ఒప్పుకొనవలెను. ఆ పోరాటపు చివరి సంవత్సరములలో అడవిలోని కోయగూడెములను ఖాళీ చేయించి జనులను శిబిరములకు చేర్చిరి. ఆ శిబిరముల జ్ఞాపకము మాత్రము ఎఱ్ఱరాతిమీదను లేదు, నీలిపలకమీదను లేదు.

దేశచరిత్రను వెదకి తీయువారు మనకు లేకపోలేదు. హైదరాబాదులో లక్ష్మణరాయ పరిశోధక మండలివారు 1935లో తెలంగాణా శాసనముల మొదటి సంపుటమును ప్రకటించిరి. ఆ కృషిలో ముందు నిలిచిన ఆదిరాజు వీరభద్రరావుగారు మధిర తాలూకాలో దెందుకూరున పుట్టినవారు. ఎడ్లబండ్లమీద, కాలినడకన తిరిగి, మట్టి కడిగి, అక్షరములపై సున్నము పూసి వారు ప్రతులెత్తిరి. వారు వెదకినది అక్షరమున్న రాయి. అక్షరము లేని రాయికి ప్రతి యెత్తు విధానము ఇంకను ఏర్పడవలసియున్నది.

అందుకు సమయము చాల లేదు. పోలవరము జలాశయపు పూర్ణమట్టము 150 అడుగులు. శబరి గోదావరిలో కలియు కూనవరము, పితూరీనాటి రేకపల్లి, కుక్కునూరు, వేలేరుపాడు పల్లెలు దాని ముంపులోనివి. నాగార్జునసాగరము కట్టునప్పుడు 1954 నుండి 1960 వరకు ఆ లోయనంతటిని త్రవ్వి, ముఖ్యమైన కట్టడములను ఇటుక యిటుకగా విప్పి, కొండమీదను అనుపులోను తిరిగి నిలిపిరి. శ్రీశైలము జలాశయమునకు ఆలయములను తరలించిరి. బుద్ధునికి, శివునికి జరిగిన ఈ మర్యాద కోయవాని తాతకు జరుగునా యని మేమడుగుచున్నాము. పునరావాసపు కాలనీకి ఇంటిసామాను బండిలో వచ్చును, పశువులు నడచి వచ్చును. ఆ రాళ్లవరుస రాదు. వచ్చినను, తన నేలనుండి తీసి క్రొత్త కాలనీలో పాతిన రాయి అదే రాయి యగునా యనునది వారు చెప్పవలసిన మాట, మనము చెప్పునది కాదు.

తరలించుట సాధ్యము కాకున్నను జాబితా వ్రాయుట సాధ్యము. గూడెము పేరు, రాళ్ల సంఖ్య, వరుస ఏ దిక్కునుండి ఏ దిక్కునకు, ఏ రాయి యెవరిది, ఆ మనిషి యెట్లు పోయెను, రాయి పాతిననాడు ఎవరెవరు వచ్చిరి, చెప్పినవారి పేరు, చెప్పిన తేది. ఫలకము పెట్టవలసివచ్చినప్పుడు తెలుగుతో పాటు కోయమాటను కూడ తెలుగులిపిలో వ్రాయవలెను. కోయభాష గోండీకి చెందిన ద్రావిడభాష. దానికి తెలుగక్షరములు చక్కగా సరిపోవును. రేకపల్లి రాతిపై 1860, 1874, 1879 అను మూడు సంవత్సరములు వేసి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క వాక్యము చాలును. ఆ రాతిని ముంపుకు పైన, చింతూరు దారిలో నిలుపవచ్చును.

రాళ్లు పాతినవారి కొడుకులు, మనుమలు జీవించియున్నారు. అడిగినచో పేర్లు చెప్పుదురు. దీనికి ఇంజనీరు అక్కరలేదు. ఒక కాపీ పుస్తకము, పెన్సిలు, తన యింటిభాషను తెలుగులిపిలో వ్రాయగల కోయబాలుడు ఒకడు కావలెను. అట్టి బాలురు ఆశ్రమపాఠశాలలలో నేడు ఎందరో కలరు. వేసవిసెలవులలో వారు గూడెములకు పోవుదురు. జూను ముగియకమునుపు, నది నిండకమునుపు, ఒక్కొక్కరు తమ యింటి వరుసను వ్రాసి తెచ్చుట జరుగదగిన పని.